చూపరుల మాట

2021వ సంవత్సరము జనవరి మాసమున ఇంగ్లండు దేశమందు ఇండ్ల తలుపులన్నియు మూతపడి యుండెను. కరోనా వ్యాధి కారణమున మూడవసారి లాక్‌డౌను విధింపబడినందున బడులు లేవు, ఒకరి యింటికొకరు పోవుట లేదు. మేమును, మాంచెస్టరు నగరమున మే మెఱిగిన నాలుగైదు తెలుగు కుటుంబములవారును ప్రతి యాదివారము సాయంకాలము కంప్యూటరు తెరపై కలిసికొని యొక గంటసేపు మంచిచెడ్డలు మాటలాడుకొనెడివారము. మొదట కూరగాయల మాటలు, పిదప టీకాల మాటలు, ఆ పిదప స్వదేశమున ఎవరెవరికి జబ్బు చేసినదను మాటలు. ఆ నెల కడపటి యాదివారమున మాత్రము మా సభలో నొక క్రొత్త ప్రసంగము ప్రవేశించెను. అది యొక టెలివిజను నాటకమును గూర్చినది. ఒక్క నాటకమును గూర్చి పదిమంది పది విధముల మాటలాడుట వింత కాదు. కాని యా సాయంకాలపు మాటలు మా యింటిలో పదునొకండేండ్లుగా మూసియున్న యొక విషయమును తెఱచినవి గనుక వానిని చదువరుల యెదుట నుంచుచున్నాము.

ఆ నాటకము పేరు ‘ఇట్స్ ఎ సిన్’. ‘ఇది పాపము’ అని దాని యర్థము. 1987వ సంవత్సరమున ప్రసిద్ధికెక్కిన యొక పాట పేరే దీనికిని పెట్టిరి. వ్రాసినవారు రస్సెల్ టి. డేవిస్. ఛానెల్ 4 వారు జనవరి 22వ తేదీ శుక్రవారము రాత్రి మొదటి భాగమును ప్రసారము చేసిరి. మొత్తము ఐదు భాగములు. 1981 మొదలుకొని 1991 వఱకు నడచు కథ. పురుషులను ప్రేమించు పురుషులను, లోకమిప్పుడు ‘గే’ యని వ్యవహరించువారిని గూర్చిన కథ. వైట్ దీవి నుండి రిచీ, వేల్సు నుండి కాలిన్, లండనులోనే యొక నైజీరియా కుటుంబము నుండి రాస్కో, ఈ మువ్వురు పడుచువాండ్రు తమ యిండ్లలో చెప్పుకొన వీలులేని సంగతిని మనసున దాచుకొని బయలుదేఱి, యాష్ అను మిత్రునితోను, జిల్ అను స్నేహితురాలితోను కలిసి లండనులో నొక యింట కాపురముందురు. ఆ కాలముననే ఎయిడ్స్ వ్యాధి యా నగరమున ప్రవేశించును. అది మొదట పేరు లేని జబ్బుగా వచ్చి, పిదప పుకారై తిరిగి, పరిహాసమై నలిగి, చివఱకు వారి గడప దాటి లోపలికి వచ్చును. కథ ముగియునప్పటికి ఆ యింటివారిలో ఇద్దఱు కన్నుమూయుదురు.

దేశమంతయు దీనిని చూచెను. కొలది దినములలోనే తమ ఇంటర్నెట్టు సేవయందు ఇది 65 లక్షల పర్యాయములు చూడబడినదని ఛానెలువారు ప్రకటించిరి. అంతకంటె ముఖ్యమైనది మఱియొకటి జరిగెను. హెచ్.ఐ.వి. పరీక్షా వారము మొదలైన ఫిబ్రవరి 1వ తేదీ సోమవారమున ఒక్కనాడే 8,200 పరీక్షాసాధనములు కావలెనని జనులు వ్రాసికొనిరి. అంతకుముందు ఒక దినమున వచ్చిన యత్యధిక సంఖ్య 2,800 మాత్రమే. నాటకము చూచి కన్నీరు కార్చుట సులభము. చూచి, లేచి, తన రక్తమును పరీక్షింపించుకొనుటకు కొంత ధైర్యము కావలెను. ఒక నాటకము ఇన్నివేలమందికి ఆ ధైర్యము నిచ్చినదన్న అది సామాన్యమైనది కాదు.

ఇక మా యాదివారపు సభయందలి యభిప్రాయములు. మొదట నోరు విప్పినవారు మాలో నొక పెద్దమనిషి. “ఇది సంసారులు చూడదగినది కాదండీ” యని ఆయన తేల్చి చెప్పిరి. మొదటి భాగమున శయ్యాగృహ దృశ్యములు కలవు. అవి సంకోచము లేనివి. అత్తగారును కోడలును పిల్లలును వరుసగా కూర్చుండి చూచుటకు అవి వీలుకావనుట నిజమే. మేమా మాటను త్రోసివేయము. కాని యాయన యా రాత్రియే ఐదు భాగములును వరుసగా చూచి ముగించిరని ఆయన సతీమణి ప్రక్కనుండి చెప్పగా అందఱము నవ్వితిమి. ఆయనయు నవ్వి, “మూడవ భాగము నొద్ద ఆపలేకపోయితిని” అని యొప్పుకొనిరి.

రెండవ మాట మా కూటమిలోని డాక్టరమ్మగారిది. మొదటి భాగములో హెన్రీ యను నొక దర్జీ, మర్యాదస్థుడు, ఆసుపత్రిలో నొంటిగా పడియుండును. అన్నపు పళ్లెమును గది వెలుపల నేలమీద పెట్టిపోవుదురు. లోపలికి తీసికొనిపోయి యిచ్చువారుండరు. “ఇది కల్పన యనుకొనవలదు” అని యామె చెప్పిరి. మన దేశమున తాము చదువుకొనిన యాసుపత్రిలో 1990 తరువాతి యేండ్లలో ఈ వ్యాధిగ్రస్తుల మంచములను వరండా చివరకు జరిపి, వారి కాగితములపై ఎఱ్ఱసిరాతో గుఱుతు పెట్టెడివారట. ఊడ్చువారు సయితము ఆ వంకకు పోకుండిరట. “1987 ఏప్రిలులో యువరాణి డయానా లండనులోని మిడిల్‌సెక్స్ ఆసుపత్రికి పోయి, చేతితొడుగు లేకుండ నొక రోగి చేయి పట్టుకొన్నది. ఆ ఫొటోను మా ప్రొఫెసరుగారు తరగతిలో చూపిరి. అయినను మఱునాడు వార్డులో మేము దూరముగానే నిలువబడితిమి” అని యామె తల వంచుకొనిరి. మఱల తామే, “1996 నుండి మందుల కలయికలు వచ్చినవి. మందు క్రమముగా పుచ్చుకొని, వైరసు పరీక్షలో కనబడనంతగా అణగియున్నయెడల సంపర్కము వలన ఇతరులకు సోకదు. ఈ సంగతి నాటకము చూచినవారందఱికి తెలియవలెను. లేనిచో 1985 నాటి భయమునే యింటికి తెచ్చుకొందురు” అని సవరించిరి. ఇది మా సభలో పుట్టిన మాటలలో మిక్కిలి ప్రయోజనకరమైనది.

మూడవ మాట మా యమ్మాయిది. అప్పటి కామెకు ఇరువదినాలుగేండ్లు. జిల్ పాత్రపై ఆమెకు కోపము వచ్చెను. జిల్ అందఱికి సేవ చేయును. గ్లోరియా యని ముద్దుపేరు గల మిత్రునికి జబ్బు చేయగా రహస్యముగా సరకులు తెచ్చియిచ్చును. కాలిన్‌ను ఆసుపత్రివారు చట్టము పేర గదిలో పెట్టి తాళము వేసినపుడు న్యాయవాదిని వెంటబెట్టుకొని పోవును. “కాని యామెకు తనదైన ప్రేమ లేదు, తనదైన కోరిక లేదు. ఆడుదానిని ఎన్నాళ్లిట్లు నర్సుగా నిలుపుదురు?” అని మా యమ్మాయి వాదము. పత్రికలలో విమర్శకులు కొందఱును ఇట్లే వ్రాసిరి. ఇందులో న్యాయము కలదు. అయినను మా కొక దృశ్యము మఱపునకు రాదు. గ్లోరియా తమ యింటికి వచ్చి కప్పులో టీ త్రాగిపోయిన పిదప, జిల్ ఆ కప్పును తోమి తోమి, తృప్తి చాలక, పగులగొట్టి పాఱవేయును. సేవ చేయునట్టి ఆమెయే భయపడును. నాటకకర్త ఆమెను దేవతను చేయక యొక మనిషిగా నుంచిన చోటు అది. ఈ పాత్రకు మూలమైన జిల్ నాల్డర్ అను నటి, డేవిస్‌గారి స్నేహితురాలు, నాటకములో జిల్ తల్లిగా నటించినది. తన పడుచుదనపు కథకు తానే తల్లి వేషము కట్టుట యెంత కష్టమో యూహింపుడు.

నాలుగవది మా మాస్టారి మాట. “అంతయు బాగున్నది. కాని యిది వారి దేశపు కథ. మనకేమి పని?” ఆనాడు దీనికి సమాధానము మాకు తోచలేదు. తరువాత తోచినదానిని ముందు చెప్పెదము.

ఈ యభిప్రాయములను వినుచుండగా మాకు రస్సెల్ డేవిస్‌గారి పూర్వపు నాటకమొకటి జ్ఞప్తికి వచ్చెను. 1999 ఫిబ్రవరిలో ఇదే ఛానెల్ 4 వారు ఆయన వ్రాసిన ‘క్వీర్ ఆజ్ ఫోక్’ అను నాటకమును వేసిరి. మా మాంచెస్టరు నగరమునందలి కెనాల్ వీథియే దానికి రంగస్థలము. అది వచ్చినపుడు నీతివాదులు మండిపడుట యటుంచి, ఏ జనుల జీవితమును చూపెనో వారిలోనే కొందఱు, “ఎయిడ్స్ మాటయే లేదేమి? మమ్ము విలాసపురుషులనుగా చూపితివి” అని నిందించిరి. వ్యాధియే తమ జీవితము కాదని చూపుట డేవిస్‌గారి యుద్దేశము. ఇరువదిరెండేండ్లకు ఆయన వ్యాధిని గూర్చియే వ్రాయగా, “మఱల చావేనా? మా సంతోషమును చూపరాదా?” యనినవారును కలరు. అరుదుగా తెరమీదికి వచ్చు జనులను గూర్చిన నాటకమునకు ఈ కష్టము తప్పదు. వేయి నాటకములు చేయవలసిన పనిని ఆ యొక్కటియే చేయవలెనని అందఱును కోరుదురు.

ఐదవ మాట మా సభను రెండు చీలికలు చేసినది. అది రిచీ తల్లి వాలరీని గూర్చినది. కడపటి భాగములో ఆమె లండను ఆసుపత్రికి వచ్చును. కుమారుడు పురుషులను ప్రేమించువాడని, అతనికి ఎయిడ్స్ అని, అతడు చావుబ్రతుకులలో నున్నాడని ఆమెకు ఒక్కసారిగా తెలియును. ఆమె కొడుకును దీవిలోని తమ యింటికి తీసికొనిపోయి, పదేండ్లు అతనితో కాపురమున్న మిత్రులను గడప త్రొక్కనీయదు. జిల్, రాస్కో ఆ యూరికి పోయి దినములు దినములు కాచుకొనియుందురు. కడపట వాలరీ జిల్‌తో, అతడు నిన్ననే పోయినాడని చెప్పును. అప్పుడు జిల్ ఆమె మొగముననే, ఆ యింటి సిగ్గే ఇంతకు కారణమని, ఆ సిగ్గును బిడ్డకు నూరిపోసినది మీరేయని నిలదీయును.

“రాక్షసి” అని మా సభలో సగముమంది వాలరీని తిట్టిరి. మేమును తిట్టితిమి. అప్పుడొక సోదరి, ఇద్దఱు కొడుకుల తల్లి, మెల్లగా, “పాపము, ఆ తల్లి మీద ఒక్క గంటలో మూడు పిడుగులు పడినవి. మనమైన నేమి చేసెడివారము?” అనిరి. దానిపై వాదము చెలరేగెను. కొందఱు కాలిన్ తల్లి ఐలీన్‌ను సాక్ష్యమునకు తెచ్చిరి. ఆమెకును పిడుగే పడినది. వేల్సులోని సామాన్యురాలు, పెద్దచదువు లేనిది. అయినను కొడుకు మంచము ప్రక్కనుండి కదలలేదు. అతని మిత్రులను తన పిల్లలవలె చూచుకొన్నది. పిడుగు పడిన మాట ఒక్కటే. పడినపుడు ఒకామె తలుపు మూసెను, ఒకామె తెఱచెను.

మే మీ భేదమును గూర్చి గట్టిగా వాదించుచుండగా మా యమ్మాయి మా వంక తిరిగి, “అమ్మా, వాలరీని తిట్టుచున్నావు సరే. సయ్యద్ పెండ్లినాడు మన హాలులో నీవేమన్నావో జ్ఞాపకమున్నదా?” అని యడిగెను. కంప్యూటరు తెరపై నాలుగు కుటుంబములవారు మమ్మే చూచుచుండిరి. మాకు వెంటనే జ్ఞాపకము రాలేదు. వచ్చిన పిదప ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

ఆ సంగతి యిది. బి.బి.సి. వారి ‘ఈస్టెండర్స్’ అను ధారావాహిక 1985 నుండి నడచుచున్నది. 2009వ సంవత్సరమున అందులో మసూద్ అను పాకిస్తానీ ముస్లిము కుటుంబపు కథ వచ్చినది. పెద్దకొడుకు సయ్యద్ క్రిస్టియన్ అను పురుషుని ప్రేమించును. అయినను ఇంటి పరువునకు వెఱచి, అమీరా యను పిల్లను పెండ్లాడును. ఆ పెండ్లి ఘట్టము 2010 జనవరి 1వ తేదీన వచ్చినది. మనవారి మొగములు, మనవారి పెండ్లి సందడి తెరపై కనబడుటయే అరుదు గనుక మేము దానిని విడువక చూచెడివారము. ఆనాడు మా యక్క కుమారుడును మాతో కూర్చుండి యుండెను. అతడు కాకినాడనుండి ఎం.ఎస్. చదువుటకై వచ్చి మా యింటనే యుండువాడు. అప్పటి కతనికి ఇరువదిమూడేండ్లు. మా యక్క అప్పటికే పెండ్లికూతుండ్ర ఫొటోలు పంపుట మొదలిడెను. (ఈ సంగతి అతని యనుమతితోనే వ్రాయుచున్నాము.)

సయ్యద్ పెండ్లిపీటలపై కన్నీరు మ్రింగుకొనుచుండ, మా వారు, “ఇంత ఖర్చు పెట్టి పెండ్లి చేయుచుండగా వీని యేడుపేమి?” అని నవ్విరి. మేము, “పెండ్లి కానిండు. ఇద్దఱు పిల్లలు పుట్టినచో ఈ పిచ్చి తానే వదలును. ఆ తల్లి కడుపుమంట చూడవలదా?” యంటిమి. మా యక్క కుమారుడు వంకాయకూర బాగున్నదని చెప్పి, పళ్లెము తీసికొని వంటింటిలోనికి పోయెను. చాలసేపు అంట్లు తోముచున్న చప్పుడు వినబడినది. పదమూడేండ్ల మా యమ్మాయి యతని మొగము చూచినదట, మేము చూడలేదు.

ఆ వేసవిలో అతడు వేఱొక యూర ఉద్యోగము దొరకినదని వెడలిపోయెను. తరువాత సంక్రాంతికిని ఉగాదికిని ఫోను తప్ప మా యింటికి రాలేదు. సంబంధములన్నియు త్రోసివేయుచున్నాడని మా యక్క యేడ్చినపుడు మేమే అతనికి ఫోను చేసి, “అమ్మను ఏడిపింపకుము, చదువుకొన్నవాడవు” అని బుద్ధి చెప్పితిమి. ఇట్లు పదునొకండేండ్లు గడచినవి. మా యమ్మాయికి 2016లోనే అతడు తన సంగతి చెప్పుకొనెనట. మాకు మాత్రము ఆమె చెప్పలేదు. ఏల చెప్పలేదని యడుగుటకు మాకు నోరు రాలేదు.

మఱునాడు ఉదయమే అతనికి ఫోను చేసితిమి. ఎట్లు మొదలుపెట్టవలెనో తెలియక, “‘ఇట్స్ ఎ సిన్’ చూచితివా?” యని యడిగితిమి. కొంతసేపు మాట లేదు. పిదప, “చూచితిని పిన్నీ. మూడవ భాగము రెండుమార్లు చూచితిని” అనెను. అందఱును మాటలాడుకొను జిల్‌ను గూర్చి గాని, వాలరీని గూర్చి గాని అతడేమియు అనలేదు. “కాలిన్ తల్లిని చూచితివా? ఆమె ఉపన్యాసమేమియు చెప్పదు. వచ్చి ప్రక్కన కూర్చుండును. అంతే” యనెను. అతని యభిప్రాయమంతయు ఇదియే.

మేము సయ్యద్ పెండ్లినాటి మాట యెత్తితిమి. “ఆ రాత్రి మీకు చెప్పవలెననియే హాలులో కూర్చుంటిని. కథయే దారి చూపినది గదా, ఇది చూచిన పిదప చెప్పుట తేలికయగునని తలచితిని” అని అతడనెను. మాకు గొంతు పెగలలేదు. “నిన్ను మేమేమియు అనలేదు గదరా” యంటిమి. “నన్నేమియు అనలేదు పిన్నీ. సయ్యద్‌నే యన్నారు. నేను వింటిని.” ఆ మాటకు సమాధానము మా యొద్ద లేదు. మఱి కొంతసేపటికి, “మేమంత క్రూరులమా?” యని యడిగితిమి. “కాదు. మీరు మంచివారు గనుకనే వెఱచితిని. చెడ్డవారైన లక్ష్యపెట్టకపోవుదును” అనెను.

చదువరులారా, మేము సంస్కారమునకు పేరుగన్న యింట పుట్టినవారము. మా ముత్తాతగారొక వితంతు వివాహమునకు పోయి భోజనము చేసివచ్చినందుకు బంధువులు మూడేండ్లు ఆయన యింట మంచినీరు త్రాగలేదని మేము పిల్లలకు గర్వముతో చెప్పుదుము. వీరేశలింగంపంతులుగారు రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము జరిపించినది 1881 డిసెంబరు 11వ తేదీన. ఆ తేదీ మాకు కంఠస్థము. అదే డిసెంబరు 11వ తేదీన, 2013వ సంవత్సరమున, మన సుప్రీంకోర్టువారు శిక్షాస్మృతిలోని 377వ సెక్షను చెల్లుననియు, పురుషుని ప్రేమించు పురుషుడు నేరస్థుడేననియు తీర్పు చెప్పినపుడు ఆ తేదీల కలయిక మాకు తట్టనేలేదు. ఆ తీర్పు మా యింటి కుఱ్ఱవానిని గూర్చినదని మాకు తెలియదు. తెలిసియుండవలసినది.

మాస్టారి ప్రశ్నకు సమాధానమును ఇక్కడనే దొరకినది. ఇది వారి దేశపు కథయే కావచ్చును. ఆ 377వ సెక్షను కూడ వారిదే. 1860లో తెల్లదొరలు వ్రాసి మనకిచ్చిన శిక్షాస్మృతిలోనిది. తమ దేశములో వారు 1967లో, ఇరువదియొక యేండ్లు నిండినవారు ఏకాంతమున నడచుకొను విషయమున ఆ నేరమును తొలగించుకొనిరి. మన దేశమున అది 2018 సెప్టెంబరు 6వ తేదీ వఱకు నిలిచినది. వా రిచ్చినదానిని మనమంతకాలము మన సంప్రదాయమనుకొని కాపాడితిమి. ఆ తరువాత 2023 అక్టోబరు 17న వివాహపు హక్కును గుర్తింప నిరాకరించుచు, ఆ పని చట్టసభలదేయని మన సుప్రీంకోర్టువారు చెప్పిరి. కనుక కథ మనది కాదని తప్పించుకొను వీలు లేదు.

ఆ దేశమున 1988లో 28వ సెక్షనను మఱియొక చట్టము చేసిరి. స్థానిక సంస్థలు స్వలింగప్రేమను ప్రోత్సహింపరాదని దాని సారము. ఇంగ్లండులో అది 2003 వఱకు అమలునందుండెను. నాటకములో యాష్‌ను బడి గ్రంథాలయమునకు పంపి, అట్టి పుస్తకములున్నచో ఏఱివేయుమందురు. అతడు అరలన్నియు వెదకి, తీసివేయుటకు ఒక్కటియు లేదని చెప్పును. మా యింటిలో నట్టి చట్టమెవ్వరును వ్రాయలేదు. అయినను ఇరువదిమూడేండ్ల కుఱ్ఱవాడు మా హాలునంతయు వెదకినను తనకు పనికివచ్చు మాట ఒక్కటియు దొరకలేదు.

నాటకము వలన సంఘము బాగుపడునని మన పెద్దలు నమ్మిరి. గురజాడవారి ‘కన్యాశుల్కము’ 1892లో విజయనగరమున ప్రదర్శింపబడినది మొదలు ఎందఱో లుబ్ధావధానులను జూచి నవ్విరి. ఆ నవ్విన మగవారు ఇంటికి వచ్చి వసారాలో కూర్చుండి బుచ్చమ్మను గూర్చి యేమేమి యనుకొనిరో, ఆ మాటలను గది లోపలి బాలవితంతువు తలుపు చాటునుండి విననే వినును గదా. ఆమెకు నాటకము చూచు భాగ్యము లేకపోవచ్చును. చూచివచ్చినవారి మాటయే ఆమెకు నాటకము. ఆ మాటను బట్టియే తనకు ఈ యింట చోటున్నదో లేదో ఆమె నిర్ణయించుకొనవలెను.

మన హాలులోని టీవీకిని ఇదే న్యాయము. తెరమీది మనిషిని గూర్చి మనము చెప్పు మాట ఆ మనిషికి చేరదు. సోఫా చివర కూర్చుండి పళ్లెములో వ్రేళ్లు కదుపుచున్నవానికి చేరును. అతడు కొడుకు కావచ్చును, కూతురు కావచ్చును, చదువుకొనుటకు వచ్చిన బంధువుల పిల్లవాడు కావచ్చును. ఎవరో ముందుగా మనకు తెలియదు. ఆ నాటకము బాగున్నదా, నటులు బాగుగా చేసిరా, దృశ్యములు శ్రుతి మించినవా యను సంగతులను మనమెంతయైన చర్చింపవచ్చును. మా పెద్దమనిషివలె కొన్ని దృశ్యములు తగవనియు చెప్పవచ్చును. కాని ఆ మనుష్యులను పిచ్చివారనియు, పెండ్లితో కుదురునట్టి రోగులనియు అనునపుడు, ఎవరి వినికిడిలో ననుచున్నామో యొక్కసారి చుట్టును చూచుకొనవలెను.

మా యక్క కుమారుడు 2022 వేసవిలో కాకినాడ పోయి తన తల్లికి తానే చెప్పుకొనెను. మా యక్క సంతోషించెనని మేము చెప్పజాలము. పది దినములు అతనితో సరిగా మాటలాడలేదు. ఇప్పటికిని ఆ విషయమును పేరు పెట్టి యనదు. కాని ఫొటోలు పంపుట మానెను. సంబంధముల మాట తెచ్చు బంధువులతో, “వాని సంగతి వాడు చూచుకొనును, మీరు కాఫీ త్రాగుడు” అనుచున్నదట. ఆ మాట అతడు ప్రక్క గదిలోనుండి విని, ఆ రాత్రియే మాకు ఫోను చేసి చెప్పెను. మా యింటికి రాకపోకలు మొదలైనవి. వచ్చినపుడు అందఱము హాలులోనే కూర్చుండి టీవీ చూచుచుందుము. మా వారు మునుపటివలెనే ప్రతి నాటకముపై నేదో యొకటి యనుచునే యుందురు. ఈ మధ్య మాత్రము, ఏదైన అనబోయి, ఒకమారు సోఫా వంక చూచి, తరువాత అనుచున్నారు.